పోయొస్త అన్నాడు

మా సర్పంచ్ పోయాడన్న కబురు వచ్చినప్పుడు, ఆయన గొంతు మా వాడలోనే వినబడుతూ ఉంది.

పొద్దున చెత్త ట్రాక్టర్ వచ్చే వేళ అది. ట్రాక్టర్ మీద మైకు ఉంటుంది. పదవిలో ఉన్నప్పుడు ఆయనే మాట్లాడి పెట్టించిన మాటలు అందులో తిరుగుతుంటాయి. "అవ్వలారా, అక్కలారా, వచ్చిన. చెత్త పట్టుకొని బయటికి రండ్రి. తడిది వేరే, పొడిది వేరే." పదవీకాలం అయిపోయాక కూడా ఆ మాటలు ఎవరూ మార్చలేదు. నేను బకెట్ పట్టుకొని గేటు దగ్గర నిలబడ్డాను. వెనుక నుంచి కోడలు ఫోను చెవి దగ్గర పెట్టుకొనే వచ్చింది. చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే మా కొడుకు అక్కడి నుంచి చేశాడు.

"మామా, సర్పంచన్న హన్మకొండ దవాఖాన్ల పానం ఇడిచిండట. తెల్లారంగనే."

"వచ్చిన" అంది ట్రాక్టర్.

డ్రైవర్‌కు అప్పటికి తెలియదు. కోడలు చెప్పింది. అతను మైకు ఆపబోయాడు. చేతికి బటన్ దొరకలేదో ఏమో, ఆ మాట ఇంకోసారి వచ్చింది. ఆ తర్వాతే ఆగింది. ఎవరింటి ముందు బకెట్ వాళ్లింటి ముందే ఉండిపోయింది.

పంచాయతీ ముందు సంతాప సభ పెట్టారు. నన్ను కూడా మాట్లాడమన్నారు. లేచి దండం పెట్టి కూర్చున్నాను. అక్కడ నోరు రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మాది గూడూరు వైపు అడవి అంచున ఉన్న ఊరు. ఊరికీ రోడ్డుకీ మధ్య వాగు. ఆయన సర్పంచ్ కాకముందు పెద్దగా ఎవరికీ తెలియదు. అయ్యాక తెలియనివారు లేరు. పొద్దున పళ్లు తోముకొని బయలుదేరితే ఎండ నెత్తిమీదికి వచ్చేదాకా ఇల్లిల్లూ తిరిగేవాడు. చేతిలో బండి తాళంచెవి ఉండేది. దాంతో గేటు మీద రెండుసార్లు కొట్టేవాడు. టంగ్, టంగ్. "వచ్చిన" అనేవాడు. బోరు మోటారు కాలిందా, వీధిలైటు వెలగడం లేదా, రేషన్ కార్డులో పేరు తప్పు పడ్డదా, అన్నీ నిలబడే వినేవాడు. పక్కింటి ముసలవ్వకు వేళ్లు అరిగిపోయి పింఛను మిషన్ మీద ముద్ర పడకపోతే, ఆమెను బండి వెనుక కూర్చోబెట్టుకొని గూడూరు తీసుకుపోయాడు. ఆ అవ్వ ఇప్పటికీ చెబుతుంది. "నా కొడుకు బండెక్కిచ్చుకోలె. సర్పంచ్ ఎక్కిచ్చుకుండు. గుంతల కాడ మాత్రం మెల్లగ పోనియ్యలె, నడుము ఇరిగింది."

పోయేటప్పుడు ప్రతి ఇంటి దగ్గరా ఒకే మాట. "పోయొస్త."

మన దగ్గర ఎవరైనా అనే మాటే అది. పోతున్న అనకూడదు. పోయొస్త అనాలి. ఒక్క చోట మాత్రం అది అనరు. చావు జరిగిన ఇంటి నుంచి పోయేటప్పుడు ఏమీ చెప్పరు. చెప్పులు వేసుకొని, వెనక్కి చూడకుండా పోతారు. అక్కడ పోయొస్త అంటే ఆ ఇంటికి ఇంకో చావుకు మళ్లీ రావాలని అర్థం.

నా భార్య పోయిన మరునాడు ఆయన మా ఇంటికి వచ్చాడు. గేటు కొట్టలేదు. ఏడ్చే ఆడవాళ్ల మధ్య నుంచి వచ్చి నా పక్కన చాప మీద కూర్చున్నాడు. ఏమీ మాట్లాడలేదు. అది నాకు నచ్చింది. చాలాసేపటికి లేచాడు. చెప్పుల దగ్గరికి పోయాడు. వంగి, అలవాటు మీద, "పోయొస్తనే బాపు" అన్నాడు.

ఏడుపు ఆగిపోయింది.

"ఏమంటివిరా కొడుకా!" అంది పక్కింటి అవ్వ.

ఆయన ముఖం చూశాను. రక్తం లేదు. నోటి మీద చెయ్యి పెట్టుకున్నాడు. చెప్పు ఒక కాలికే ఉంది. మా కోడలు గోడకు ఆనుకొని నిలబడి ఉంది. అప్పుడు ఆమె కడుపుతో ఉంది. ఆమె చేతులు రెండూ కడుపు మీదికి పోయాయి. అక్కడున్న వాళ్లంతా ఆయనను వదిలేసి ఆమెనే చూశారు.

ఆ తర్వాత మా ఇంట్లో ఏం జరిగినా ఆ మాట దగ్గరికే పోయేది. పాలు తాగి గంతులేసిన లేగదూడ మధ్యాహ్నానికి కట్టుగొయ్య దగ్గర చచ్చిపడి ఉంది. నా భార్య నీళ్లు తోడిన కడవ ఎవరూ ముట్టకుండానే నిలువునా పగిలింది. కుక్క గేటు వైపు చూసి తోక ఊపేది. గేటు దగ్గర ఎవరూ ఉండేవారు కాదు. కోడలు అన్నం మానేసింది. నేను గట్టిగా చెప్పగలిగిన మనిషిని కాదు. "తిను బిడ్డా" అనేవాణ్ని. అంతే.

"గేటు సప్పుడైతుంది మామా. టంగుమంటుంది. పోయి చూస్తే ఎవ్వరు లేరు" అంది ఒక సాయంత్రం.

"గాలి బిడ్డా."

"గాలి రెండుసార్లే కొడ్తదా?"

నేనూ విన్నాను.

ఈ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో తెలియదు. తెల్లారి వచ్చాడు. గేటు మీద తాళంచెవితో రెండుసార్లు కొట్టాడు. కోడలు లోపలే ఉండిపోయింది. ఆయన వాకిట్లో నిలబడి లోపలికి వినబడేటట్టు అన్నాడు.

"చెల్లే, వచ్చిన. వస్త అన్నది నేను. రావాల్సింది నేను. నేను వచ్చినంక ఇంకేది రావాల్సిన పని లేదు."

నేను ఆకుపచ్చ కుర్చీ వేశాను. కాసేపు కూర్చున్నాడు. లేచి, ఏమీ అనకుండా, వెనక్కి చూడకుండా పోయాడు. మరునాడు మళ్లీ వచ్చాడు. ఆ మరునాడూ. ఊరంతా తిరిగి ప్రతి ఇంటి దగ్గరా పోయొస్త అనే మనిషి మా ఇంటి నుంచి మాత్రం మాట లేకుండా పోయేవాడు. మెల్లగా కోడలు అన్నం తినసాగింది.

ఊరు ఊరికే ఉండదు కదా. చాయ్ హోటల్ దగ్గర ఎదుటి పార్టీ ఆయన నా ముందే అన్నాడు. "ఏంది సర్పంచ్ సాబ్, మూడు ఓట్లున్న ఇంటికి రోజు పోతున్నవ్. మా వాడకు నెలకొక్కసారి గూడ కనబడవు."

"మూడు కాదన్నా. నాలుగో ఓటు కడుపుల ఉన్నది" అన్నాడు ఈయన.

"అయితే పద్దెనిమిదేండ్లు ఆగాలె."

"ఆగుత. నాకేం తొందర?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మధ్య ఆ మాట గుర్తొస్తే నవ్వు రావడం లేదు.

కోడలికి ఇంకా నెలలు నిండలేదు. ముసురు పట్టింది, వాన పెద్దగా లేదు. ఆ పొద్దున ఆయన వచ్చాడు కానీ గేటు కొట్టలేదు. తాళంచెవి చేతిలో పట్టుకొని బయటే నిలబడ్డాడు. నేనే పోయి పలకరించాను.

"లోపలికి రా సర్పంచ్ సాబ్."

"బాపు, పొద్దుగాల ఎవరన్న వచ్చిండ్రా?"

"ఎవ్వరు రాలె."

ఆయన గేటు కింద తడిమట్టి చూశాడు. నేనూ చూశాను. అక్కడ ఏమీ లేదు. "నాకన్న ముందుగాల ఎవరో వచ్చి ఈడ నిలబడి పోయినట్టున్నది" అన్నాడు. గొంతు చిన్నగా ఉంది. వెంటనే గొంతు మార్చాడు. "చెల్లెను తయారు గమ్మను. బట్టలు మూట కట్టుకొమ్మను. ఇప్పుడే మానుకోట దవాఖానకు పోదాం."

"ఇంక దినాలున్నయి గదా."

"ఉంటే ఆడనే ఉందాం. నా మాట ఇను."

ఆయనే కారు మాట్లాడాడు. మేము వాగు దాటేటప్పుడు నీళ్లు చక్రాల కిందే ఉన్నాయి. మధ్యాహ్నానికి పైన అడవిలో పడిన వాన కిందికి దిగి వాగు కల్వర్టు మీద నుంచి పోయింది. ఊరికి దారి తెగింది. అదే వేళకు మానుకోటలో కోడలికి నొప్పులు మొదలయ్యాయి. ఊళ్లోనే ఉండి ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ చెప్పింది. అది రాయలేను. ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. ఆయన దవాఖాన వరండాలో గోడకు తల ఆనించి నిలబడే నిద్రపోయాడు.

ఆ వాగు మీద ఎత్తు వంతెన కోసం ఆయన తిరగని ఆఫీసు లేదు. ఎవరు పెద్దవాళ్లు వచ్చినా ముందు ఆ నీళ్ల దగ్గరికే తీసుకుపోయి నిలబెట్టేవాడు. వంతెన ఇంకా రాలేదు. కొలతలు వేసిన రాళ్లు ఉన్నాయి.

పిల్లను ఇంటికి తెచ్చుకున్నాక నేను ఒకసారి అన్నాను. "ఇగ రోజు రాకున్నా ఏం కాదు సర్పంచ్ సాబ్. గండం గడిచె."

ఆయన కుర్చీలో కూర్చొని పిల్లను చూస్తున్నాడు. "ఆ మాటకు గడువు పెట్టలేదు గదా బాపు. నేను రావుడు బంద్ చేస్తే గేటు ఖాళీగుంటది. ఖాళీ గేటు మంచిది కాదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కళ్లు మాత్రం గేటు మీదే ఉన్నాయి.

పదవి పోయింది. తిరగడం పోలేదు. మనుమరాలికి నడక వచ్చింది. టంగుమంటే చాలు, కుర్చీ దగ్గరికి పరుగెత్తి దాన్ని చేత్తో తట్టి "కూసో" అనేది. ఆయన కూర్చునేవాడు. ఒక్కోసారి అదే వేళకు చెత్త ట్రాక్టర్ వచ్చేది. మా వాకిట్లో ఆయన, వాడ చివర ఆయన గొంతు. పిల్ల అటూ ఇటూ చూసేది. ఆయన మోకాళ్లు ఒత్తుకుంటూ "వానికి కాళ్ల నొప్పులు లేవు బాపు, నాకన్న ముందు తిరుగుతుండు" అనేవాడు. తన గొంతును వాడు అని పిలిస్తే నాకు ఎందుకో ఒళ్లు జలదరించేది.

చివరిసారి వచ్చినప్పుడు బండి మీద రాలేదు. జబ్బు ముదిరి హన్మకొండ దవాఖానకు పోయే కారు గేటు ముందు ఆగింది. ఆయన భార్య లోపలే కూర్చుంది. ఆయన దిగి, తాళంచెవి లేదేమో, వేలితో గేటు కొట్టాడు. చప్పుడు రాలేదు. అయినా మనుమరాలు కుర్చీ తట్టింది. కూర్చోలేదు. పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు. గేటు దాకా పోయి ఆగాడు. మా ఇంటి దగ్గర ఎన్నడూ చేయనిది, వెనక్కి తిరిగాడు.

"పోయొస్త" అన్నాడు.

కోడలు పిల్లను ఎత్తుకొని ఛాతీకి అదుముకుంది. ఆయన అది చూశాడు.

"భయపడకు చెల్లే. ఇంకెవ్వరు రారు. వస్తే నేనే వస్త."

కారు కదిలింది. నేను చెయ్యి ఎత్తాను కానీ అనవలసిన మాట నోట్లోనే ఉండిపోయింది. పోయి రా అనలేదు.

ఆయన ఇంటికి పరామర్శకు పోయాను. ఆయన భార్య అడిగింది. "బాపు, మీ ఇంటికి దినాం ఎందుకు వచ్చెటోడు? ఎన్నిసార్లడిగినా నవ్వుడే తప్ప చెప్పలె."

"ఒక్క మాట పడ్డదమ్మా. ఆ మాట కోసం" అన్నాను.

ఆమెకు ఏం అర్థమైందో, తల ఊపింది. నేను లేచాను. చెప్పులు వేసుకున్నాను. ఏమీ అనకుండా, వెనక్కి చూడకుండా నడిచాను. గేటు దాకా ఎంత దూరమో అప్పుడు తెలిసింది. ఇంతకాలం ఆయన మా వాకిలి నుంచి రోజూ అలాగే నడిచాడు.

కోడలికి మళ్లీ పాత భయం పట్టుకుంది. పిల్లను వాకిట్లోకి రానివ్వడం మానేసింది. నిన్న పొద్దున తాళంకప్ప పట్టుకొని గేటు దగ్గర నిలబడింది.

"ఏస్త మామా. ఎవరన్న వస్తె పిలుస్తరు, అప్పుడు తీద్దాం."

"ఏమన్నడు బిడ్డా ఆయన?"

ఆమె తాళంకప్పను చేతిలో అటూ ఇటూ తిప్పింది.

"ఇంకెవ్వరు రారన్నడు. వస్తె నేనే వస్త అన్నడు. ఆయన మాట తప్పిండా ఎన్నడన్న?"

నా జీవితంలో ఎవరితోనూ ఇంత గట్టిగా మాట్లాడలేదు. కోడలు గేటు వదిలి ఇవతలికి వచ్చింది. తాళంకప్ప కొంగులో ముడి వేసుకుంది. నేను ఆకుపచ్చ కుర్చీ తుడిచి దాని చోట వేశాను.

వాడ మలుపులో ట్రాక్టర్ వచ్చింది. కొత్త మాటలు పెట్టించేదాకా పాతవే ఉండనీయమని ఊరు అడిగిందట. "అవ్వలారా, అక్కలారా, వచ్చిన." మనుమరాలు ఇంట్లో నుంచి పరుగెత్తుకొచ్చింది. తల్లి ఆపలేదు. పిల్ల కుర్చీ తట్టి "కూసో" అంది. ట్రాక్టర్ మా ఇల్లు దాటిపోయింది. మైకు దూరమైంది. పిల్ల మాత్రం కుర్చీ ముందే, తల పైకెత్తి నిలబడి ఉంది. కూర్చున్న మనిషి ముఖం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తుకు చూస్తోంది. కుక్క లేచి తోక ఊపింది.

కాసేపటికి పిల్ల కొంచెం పక్కకు జరిగింది, దారి ఇచ్చినట్టు. గేటు వైపు తిరిగి చిన్న చెయ్యి ఊపింది.

"పోయి రా" అంది.

గాలి లేదు. గేటు గొళ్లెం మెల్లగా ఊగుతూ ఉంది.