లోంట్యే కుళ్లాయి

లోంట్యే జుట్టు ఏ రంగో బతికున్నవాళ్లలో ఒక్క డిర్క్యేకే తెలుసు. హేగ్ నగరం పక్కన సముద్రపు ఒడ్డున ఉన్న స్కేవెనింగెన్ బెస్తవాడలో పాతకాలపు ఆడవాళ్లు తల కప్పుకోకుండా గడప దాటరు. తెల్ల లేసు కుళ్లాయి, దాని కింద తలను పట్టి ఉంచే వెండి పట్టీ, పైన రెండు సూదులు. డెబ్బై ఎనిమిదేళ్ల లోంట్యే రొట్టెల కొట్టుకు వెళ్లినా అదే వేషం. ఆడపడుచు డిర్క్యే మాత్రం ముప్పై ఏళ్ల కిందటే కుళ్లాయిని పెట్టెలో పెట్టేసి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. అప్పట్నుంచీ ఇద్దరికీ రోజూ అదే తగువు, రోజూ కలిసే కాఫీ.

లోంట్యే బతుకంతా గంజిలోనే గడిచింది. మొదట వాడలో ఆడవాళ్ల కుళ్లాయిలకు పెట్టేది. ఆ పనితనం ఊళ్లోకి పాకి, దేశాల మధ్య తగువులు తీర్చే శాంతి సౌధంలోని న్యాయమూర్తి ఒకాయన మెడ కింద వేలాడే లేసు పట్టీలు కూడా ఆమె ఇస్త్రీబల్ల మీదికే వచ్చేవి. ఇరవై ఆరేళ్లు చేసింది. పట్టీలు నౌకరే తెచ్చి తీసుకెళ్లేవాడు గనక ఆయన ముఖం మాత్రం ఎన్నడూ చూడలేదు. ఈ వేసవిలో చేతులు వణికి ఒక కుచ్చు మాడబోయింది. ఆ రోజే ఇస్త్రీపెట్టె కట్టేసింది. చివరిసారి చేసిన పట్టీ ఆయన గుండెల మీద ఎలా కూర్చుందో ఒక్కసారి చూడాలి, అంతే ఆమె కోరిక. సోమవారం పది గంటలకు విచారణ. ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు.

ఆ సౌధం సంగతి ఒకటి చెప్పుకోవాలి. పెళ్లికి చుట్టాలు తలో సామానూ తెచ్చినట్టు, దేశాలన్నీ తలో వస్తువూ ఇచ్చాయి. ఒకరు ఇనుప తలుపులు, ఒకరు గడియారం, ఒకరు పట్టు తెరలు. గృహప్రవేశమై ఏడాది తిరక్కుండానే ఆ చుట్టాలే మహాయుద్ధానికి ఫిరంగులు పట్టుకున్నారు. ఇల్లు మాత్రం నిలబడింది. అలిగి వెళ్లినవాళ్లు మళ్లీ వచ్చి కూర్చోడానికి ఒక ఇల్లంటూ ఉండాలి కదా.

గేటు దగ్గరి తనిఖీ గదిలో లోంట్యే లోహాలు పట్టే చట్రంలోంచి నడిచింది. అది కుయ్యిమంది. వెనక్కొచ్చి మళ్లీ నడిచింది. మళ్లీ కుయ్యిమంది.

"చెప్పానా వదినా, మామూలు బట్టలు కట్టుకు రమ్మని. తలమీద అంత వెండి మోస్తే కూయక పాట పాడుతుందా?" అంది డిర్క్యే.

"నోర్ముయ్ డిర్క్యే. నీ తల బోసిపోయిందని నా తలమీద పడతావేం?"

కాపలా అమ్మాయి పేరు శారద. సూరినామ్ నుంచి వచ్చి హేగ్‌లో స్థిరపడ్డ భారత సంతతి హిందుస్తానీల ఇంటి పిల్ల. "మామ్మా, అది తీసి ఈ పళ్లెంలో పెట్టాలి. నాకైనా అదే రూలు" అంది మెల్లిగా.

లోంట్యే కుళ్లాయి మీద చెయ్యి వేసుకుంది. వరసలో పదిమంది మగాళ్లు. "అయితే నేను ఇంటికి పోతానమ్మా."

"ఇరవై ఆరేళ్లు ఇస్త్రీ చేసి గుమ్మంలోంచే వెనక్కి పోతావా?" అంది డిర్క్యే. ఈసారి గొంతులో వెటకారం లేదు.

శారద గడియారం చూసింది. పదికి ఇంకా పన్నెండు నిమిషాలు. "మా నాయనమ్మ, మా ఆజీ కూడా మగాళ్ల ముందు తలమీది కొంగు దించేది కాదు. పక్కన చిన్న గది ఉంది. తలుపేసుకుందాం. నేనొక్కదాన్నే ఉంటాను."

"ఇదీ రావాలి. తీయడం నా వల్ల అవుతుంది. ఈ చేతుల్తో మళ్లీ పెట్టుకోలేను" అంది లోంట్యే, డిర్క్యేని చూపిస్తూ.

గదిలో సూదులు తీసింది. పల్చటి తెల్లజడ, పిల్లి తోకంత. శారద ఆమె తల వైపు చూడకుండా వెండి పట్టీని మాత్రమే తనిఖీ చేసి తిరిగిచ్చింది. ముప్పై ఏళ్లుగా కుళ్లాయి ముట్టని డిర్క్యే వేళ్లు సూదుల చోటు తడుముకోకుండా పట్టుకున్నాయి.

"మర్చిపోలేదే," అంది లోంట్యే.

"మా అమ్మ చేత మొట్టికాయలు తిని నేర్చుకున్నదే. కదలకు."

విచారణ ఏదో రెండు దేశాల మధ్య సముద్రంలో గీత ఎక్కడ గీయాలని. న్యాయమూర్తులు వరసగా వచ్చి కూర్చున్నారు. అంతదూరం నుంచి పట్టీలన్నీ ఒకేలా తెల్లగా ఉన్నాయి. లోంట్యే కళ్లజోడు తుడుచుకుంది, ముందుకు వంగింది, మళ్లీ తుడుచుకుంది.

"ఏది నీది?" అని గొణిగింది డిర్క్యే.

"చూడనీ."

మధ్యాహ్నం విరామానికి అందరూ బయటికి రావాల్సి వచ్చింది. బల్లమీద కూర్చుని జున్ను పెట్టిన రొట్టె తిన్నారు.

"ఇక పోదాం వదినా. మళ్లీ లోపలికంటే ఆ పళ్లెం, ఆ సూదులు, అదంతా మళ్లీ."

లోంట్యే ఒళ్లోని రొట్టెపొడి దులుపుకుంది. "అక్కడ కూర్చున్నవాళ్లలో ఒకాయన పట్టీకి ఎడమ కుచ్చు కొంచెం వంగింది. నాదే అనుకుంటా. దగ్గరి వరసలో కూర్చుని చూడాలి."

తనిఖీ గది ఇంకా పది అడుగులు ఉందనగానే, శారద పిలవకముందే, ఆమె ఆ చిన్న గది వైపు తిరిగింది. చెయ్యి అప్పటికే మొదటి సూది మీద ఉంది. "రావే, ఆలస్యమైతే ముందు వరస పోతుంది."