ఆరో ఉత్తరం

నా భర్త యుద్ధానికి పోయాక నాకు ఆరు ఉత్తరాలు వచ్చాయి. మొదటి నాలుగూ ఆయన చేతిరాతే. అయిదో దాంట్లో అక్షరాలు మారాయి. "చలికి వేళ్లు మొద్దుబారినయి. దోస్తుతోని రాయిస్తున్న," అని ఉంది. అప్పటికి నాకు ఏడో నెల. బల్కంపేటలో ఒక గదిలో అద్దెకుండేదాన్ని. బిడ్డకు ఏం పేరు పెడదామని అడుగుతూ జవాబు రాశాను.

ఆరో ఉత్తరం కూడా ఆ దోస్తు చేతిరాతలోనే వచ్చింది. ఆడపిల్ల పుడితే పెట్టమని ఒక పేరు రాసి ఉంది. అది అందిన మూడో రోజున ఆయన పోయాడన్న కబురు వచ్చింది. కూతురు పుట్టాక ఆ పేరే పెట్టుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఉత్తరాన్నే ఎక్కువసార్లు చదివాను. చదివినప్పుడల్లా ఆయన గొంతు వినిపించేది.

మొన్న వేసవిలో, అమీర్‌పేటలో నేను జాకెట్లు కుట్టే కొట్టుకు ఒకాయన వచ్చాడు. కూతుర్ని కోచింగ్‌లో చేర్చడానికి విజయవాడ నుంచి వచ్చాడట. ఉత్తరాల మీద రాసిన అడ్రసు ఆయనకింకా గుర్తుంది. అక్కడికి వెళ్తే పాత ఇంటివాళ్లు ఇటు పంపారు.

"మీ ఆయన ఉత్తరాలు రాసిపెట్టింది నేనేనమ్మా," అన్నాడు.

కుర్చీ వేశాను. టీ తెప్పించాను. ఆయన ముట్టుకోలేదు.

"చివరిది తను చెప్పి రాయించింది కాదమ్మా. మీ ఉత్తరం వచ్చేసరికి తను కొండ మీదికెళ్లి రెండు రోజులైంది. తిరిగొస్తాడనే అనుకున్నాం. మీరు ఎదురుచూస్తుంటారని నేనే రాసేశాను."

"మరి ఆ పేరు?"

"మా అమ్మ పేరమ్మా. ఇంకేం తోచలేదు."

కోపం రాలేదు.

"గిన్నేండ్లు ఎందుకు చెప్పలే అన్నా?"

"ధైర్యం చాల్లేదు."

అంతలో పంజాగుట్టలో ఆఫీసు ముగించుకుని నా కూతురు వచ్చింది. అలవాటుగా పేరు పెట్టి పిలిచాను. ఆయన లేచి నిలబడ్డాడు. నాన్న దోస్తని చెప్పాను.

"మా నాన్న ఎట్లుండేటోడు అంకుల్?" అని అడిగింది.

"చలికి కుడిచేతి వేళ్లు మొద్దుబారినా ఎడంచేత్తో అందరికీ రొట్టెలు కాల్చేవాడమ్మా. ఒక్కటీ గుండ్రంగా వచ్చేది కాదు."

అది పకపకా నవ్వింది. ఆ సంగతి నాకూ తెలియదు.

ఇంటికి పోయి ఆరో ఉత్తరం తీశాను. "బెంగ పెట్టుకోకు," అని ఉంది. మా ఇంట్లో ఎవరమూ ఆ మాట అనం, ఫికర్ చెయ్యకు అంటాం. ఇన్నేళ్లు కళ్లముందే ఉన్నా నాకెందుకు కనబడలేదో! ఇప్పుడు అయిదో ఉత్తరం తీసినా, ఏ మాట ఎవరిదోనని వెతుకుతున్నాను. గొంతు వినిపించడం లేదు.

కూతురికి చెప్పాలి. ఇంకా చెప్పలేదు.