మొప్పల మీద నీలం

2023 వేసవి. కడపలో చేపల జబ్బులు పరీక్షించే చిన్న ల్యాబ్‌లో నేను టెక్నీషియన్‌ని. చేపల మొప్పల్నీ పేగుల్నీ సన్నని పొరలుగా కోసి, రంగు పట్టించి, మైక్రోస్కోప్ కింద చూడడం నా పని. "చేపలు కోసేదానికి డిగ్రీ ఎందుకే?" అని మా చుట్టాలు ఇప్పటికీ నవ్వుతారు.

ఒకరోజు పొద్దున్నే వేంపల్లె దగ్గర్నుంచి ఏసురత్నం అనే రైతు గోనెసంచి నిండా చచ్చిన చేపలు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. కంపు భరించలేకపోయాం.

"మందు కలిపినారు మేడమ్. పక్క చీనీతోట ఓబులేసు పనే. మేత గూడా ముట్టడం లేదు చేపలు. విషమని రాసియ్యండి, రేపు స్టేషన్‌లో ఇస్తా" అన్నాడు. చీనీ అంటే మా వైపు బత్తాయి; ఆ తోటకు కొట్టే పురుగుమందు తన చేపల గుంటలో కలిపారని అతని అనుమానం. ఫిర్యాదు కాగితం అప్పటికే జేబులో ఉంది. ఆ ఇద్దరూ చిన్నప్పటి నుంచి ఒకే గట్టు మీద కూర్చుని సద్ది తిన్నవాళ్లట.

నాకు ఒళ్లు మండింది. కుళ్లిన మొప్ప ఏ సాక్ష్యమూ చెప్పదు. "అడిగింది రాసిచ్చేదానికి నేనేమన్నా కరణాన్నా? ప్రాణమున్న చేప కావాల. పదప్పా, నేనే వస్తా" అని మైక్రోస్కోప్ పెట్టె చంకన పెట్టుకుని బయలుదేరాను.

గుంటలో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. అవతలి గట్టు మీద ఓబులేసు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇటు రాలేదు, వెళ్లిపోనూ లేదు.

ఒక బొచ్చె చేపను పట్టించాను. ఇది నీళ్లు మింగి, మొప్పల లోపలి అంచున దువ్వెన పళ్లలా ఉండే గిల్ రేకర్స్‌తో మేతను వడగడుతుంది. అవే నీళ్లు మొప్పల మీదుగా పోతుంటే, లామెల్లే అనే పలుచని రేకులతో ఊపిరి తీసుకుంటుంది. చిన్న ముక్క కోసి, నీటిచుక్కలో పెట్టి చూశాను. దీన్ని వెట్ మౌంట్ అంటాం. రేకుల మధ్య, దువ్వెన పళ్ల మధ్య గోధుమరంగు మడ్డి గట్టిగా పట్టుకుని ఉంది. అందుకే మేతా లేదు, ఊపిరీ లేదు.

"ఈ నీళ్లు యాడివి?"

"కొత్త బోరు మేడమ్. శానా లోతు పోయినాక పడినాయి. ఒక్క చుక్క వృథా పోకుండా పైపు మూతి గుంట అడుగున పెట్టినా" అన్నాడు గర్వంగా.

నీళ్లు చిందితే పెద్దలు తిట్టే సీమ మాది. ఆ పొదుపే ఇక్కడ కొంప ముంచింది. అంత లోతు నీళ్లలో ఇనుము కరిగి ఉంటుంది, గాలి ఉండదు. పైనుంచి పడితే గాలి తగిలి, ఇనుము తుప్పుగా మారి అడుగున పేరుకునేది. పైపు మునిగి ఉండడంతో ఆ తుప్పు చేపల మొప్పల్లోనే పట్టింది.

నేను అనుకుంటే చాలదు, వాళ్లు చూడాలి. ఇనుము తగిలితే నీలంగా మారే స్టెయిన్ నా దగ్గర ఉంది. రెండు చుక్కలు వేసి, "ఓబులేసప్పా, ముందు నువ్వు రా" అని కేకేశాను.

అతను జంకుతూ వచ్చి కన్ను ఆనించాడు. "అంతా నీలంగా ఉండాది" అన్నాడు.

"అది మీ తోట మందు కాదు. బోరు ఇనుము."

అతను పైగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. తర్వాత రత్నం చూశాడు. తల ఎత్తి జేబులోని కాగితం తీసి ముక్కలు చేశాడు.

"తప్పయిపోయిందప్పా, ఓబులేసూ."

"తప్పు సంగతి తరువాత. ముందు పైపు ఎత్తుదాం పా. చేపలు సస్తాండాయి!"

బోరు ఆపేశాం. ఓబులేసు తన మోటారు తెచ్చి, గాలి కలిసేలా గుంటలో ఉన్న నీళ్లనే పైకి చిమ్మించాడు. మర్నాడు బండలు మెట్లలా పేర్చి, బోరు నీళ్లు వాటి మీద నుంచి దూకి, చిన్న గోతిలో తేరుకున్నాకే గుంటలోకి పోయేలా చేశారు. నాలుగు రోజులకు బండలు ఎర్రబడ్డాయి, చేపలు మేతకు ఎగబడ్డాయి. ఆ మాట చెప్పడానికి రత్నం ఫోన్ చేసినప్పుడు ల్యాబ్‌లో గట్టిగా అరిచేశాను.

చేపలు పట్టిన రోజు ఇద్దరూ ఒకే బండి మీద వచ్చారు. పెద్ద బొచ్చెను నా బల్ల మీద పెట్టి, "ఇది పరీక్షకు కాదు మేడమ్, కూరకు" అన్నాడు రత్నం.

ఇప్పుడు ఎవరు చేపలు తెచ్చినా, ఎవరు చంపారో చెప్పనివ్వను. నీళ్లు ఎలా పడుతున్నాయో ముందు అడుగుతాను. ఆనాటి మొప్పను మైనంలో పొదిగి, కోసి, చెడిపోని స్లైడ్ చేసుకున్నాను. చేపలు కోసేదానికి డిగ్రీ ఎందుకని అడిగిన చుట్టాలకు అదే చూపిస్తున్నాను.