కర్ఫ్యూ పాస్ వాళ్ల వాకబు

ఆ వారమంతా తొండుపల్లి కుర్మయ్య ఒక్క చోట నిలవలేకపోయాడు. ఎయిర్‌పోర్టు నుంచి అతిథులను ఒక పెద్ద హోటల్‌కు చేర్చే కారు నడుపుతాడు. తుడిచిన కారునే మళ్లీ తుడిచేవాడు. టీ చెప్పి మరిచిపోయేవాడు. ఆరాంఘర్ దగ్గర ఎర్రలైటు పడితే స్టీరింగ్ మీద వేళ్లతో దరువేసేవాడు. ఆ దరువు కూతురి దగ్గర అంటుకున్నదే.

సంగతేమిటంటే, కర్ఫ్యూ పాస్ వాళ్లు అతని కూతురు అఖిలను పిలిచారు. ఆ 2012లో హైదరాబాదులో గిటారు పట్టిన పిల్లల్లో ఆ రాక్ బ్యాండు పేరు విననివాళ్లు లేరు. నలుగురు మగవాళ్లు, ఇరవై ఏళ్ల పేరు. డ్రమ్స్ వాయించే మల్లేశ్వర్‌కు భుజం పట్టేసింది. కాలేజీ పోటీలో అఖిల వాయించడం విన్న బ్యాండు పెద్ద హరిప్రసాద్, గువాహటి వైపు పదిహేను రోజుల కచేరీలున్నాయి, వస్తావా అని అడిగాడు. బాపును అడిగి చెప్తానంది అఖిల. శుక్రవారం లోపల చెప్పాలి.

డ్రమ్స్ అంటే కుర్మయ్యకు చేదేం కాదు. మూడేళ్లు ఆ పిల్ల రంగు డబ్బాలు బోర్లించి సాధన చేస్తే వాడకట్టంతా తిట్టింది. ఇతను మాత్రం ఇంటికొచ్చినా లోపలికి పోకుండా, ఆమె ఆపేదాకా గోడకానుకుని వినేవాడు. కానీ పిల్ల పోయే చోటు ఎట్లాంటిదో కనుక్కోకుండా పంపడం వాళ్లింట్లో లేదు. అందుకే వాకబు మొదలుపెట్టాడు.

"గిదేమన్న సంబంధమా, వాకబు చేస్తానికి?" అంది భార్య అనంతమ్మ.

"సంబంధం కంటె ఎక్కువనే. ఆడ ఒక్కని గురించి అడిగితె సాలు. గీడ నలుగురున్నరు."

అతని కారెక్కేవాళ్లలో పేరున్నవాళ్లు తక్కువేం కాదు. సోమవారం ఒక సినిమా సంగీత దర్శకుడు దొరికాడు. ఆ బ్యాండు వినకపోయుంటే తాను ఈ రంగంలోకే వచ్చేవాణ్ణి కాదన్నాడు. మనుషులు ఎట్లాంటోళ్లు సార్ అని కుర్మయ్య అడిగితే, "మనుషులేమిటండీ, లెజెండ్స్," అన్నాడు.

ఆ మాట ఇంటికి తెచ్చి, లెజెండ్స్ అంటే ఏందని కూతుర్ని అడిగాడు.

"శాన గొప్పోళ్లని, బాపు."

"గొప్పోళ్లని నాకు ఎర్కనే. యాళకు తింటరా?"

మంగళవారం బొంబాయి పాటగత్తె వాళ్ల కచేరీలో తాను ఏడ్చిన సంగతి ఎయిర్‌పోర్టు నుంచి హోటల్ దాకా చెప్పింది. ఒక సినిమా హీరో కళ్లు మూసుకుని వాళ్ల పాట కూనిరాగం తీశాడు, అంతే. బుధవారం ఎక్కిన ముసలి వీణ విద్వాంసురాలు, చప్పుడెక్కువ గానీ లయ తప్పరని ఒప్పుకుంది. ఆ మాట కుర్మయ్యకు నచ్చింది. అయినా కచేరీ అయినంక ఆడపిల్లను గది దాకా దింపుతరా అంటే, ఆమె కూడా తెలియదు నాయనా అంది.

ఆ సాయంత్రం అన్నం కలుపుతూ కలుపుతూ లేచి వాకిట్లోకి పోయాడు, వచ్చాడు, మళ్లీ పోయాడు. అనంతమ్మ చూసి చూసి అంది.

"నన్ను మీ ఇంటికి ఇచ్చేటప్పుడు మా బాపు మీ సర్పంచిని అడిగిండా? మీ ఇంట్ల పనికి జీతమున్న మనిషిని అడిగిండు."

కుర్మయ్య ఆగిపోయాడు.

గురువారం మధ్యాహ్నం గగన్‌పహాడ్‌లోని ఒక గోదాముకు పోయాడు. కర్ఫ్యూ పాస్ వాళ్ల వాయిద్యాల పెట్టెలు అక్కడే ఉంటాయి. పన్నెండేళ్లుగా వాటిని మోసే దశరథం వైర్లు చుడుతూ కూర్చున్నాడు. వచ్చిన పని చెప్పగానే నవ్వాడు. పక్కనున్న పెట్టె దులిపి కూర్చోమన్నాడు.

వాళ్లు కొట్లాడుకుంటరన్నాడు. ఒకసారి మూడు నెలలు మాటల్లేక, ఒకరి ముచ్చట ఇంకొకరికి తానే చేరవేశానన్నాడు. ఒక ఊళ్లో జనం రాళ్లేస్తే ఆ ఒక్క కచేరీకి పాడేందుకు వచ్చిన పిల్లను ముందు వ్యానెక్కించి, గిటార్లు అక్కడే వదిలేసి వచ్చారట.

"నిన్ను ఏమని పిలుస్తరు?"

"పేరు పెట్టే. కోపమొచ్చినా పేరు పెట్టే."

కుర్మయ్యకు సగం ఊపిరి వచ్చింది. అప్పుడు దశరథం చుడుతున్న వైరు ఆపాడు.

"ఒక్కటి చెప్తా అన్నా, దాసను. మల్లేశ్వర్ నొస్తుందంటనే ఏడాది వాయించిండు. ఎవ్వరు ఆపమనలే. మంచాన పడి నెలాయె, ఎవ్వరు సూడబోలే."

ఆ రాత్రి కుర్మయ్య కూతురిని ఎదురుగా కూర్చోబెట్టాడు.

"చెయ్యి నొస్తే ఆపు అనేటోడు ఆడ లేడు బిడ్డా. నువ్వే ఆపాలె. ఆపుతవా?"

అఖిల చొక్కా చేతిని కొంచెం పైకి జరిపింది. కుడి మణికట్టుకు పట్టీ ఉంది. వారం నుంచి ఇంట్లో ఎవరికీ కనబడనీయలేదు.

"మొదటి కచేరీకి ఇంక వారమున్నది. గిది మానేదాక డబ్బాలు ముట్ట," అంది. "ఆపుత, బాపు."

ఆదివారం కూతురిని సాగనంపడానికి వస్తే, ఎయిర్‌పోర్టు గేటు దగ్గర హరిప్రసాద్ ఎదురొచ్చి చెయ్యి కలిపాడు. దిగులు పడొద్దన్నాడు.

"మా గురించి ఎవర్నడిగినా చెప్తారు అంకుల్."

"అడిగిన," అన్నాడు కుర్మయ్య. "దశరథాన్ని అడిగిన."

హరిప్రసాద్ మొహంలో నవ్వు కాసేపు ఎటూ పోలేక అట్లాగే ఉండిపోయింది. తర్వాత అఖిల మణికట్టుకున్న పట్టీ వైపు చూశాడు. ఆమె భుజం మీది సంచి తీసి తన భుజానికి తగిలించుకున్నాడు. మల్లేశ్వర్‌ను నిన్న చూసొచ్చామని మెల్లగా అన్నాడు.

నిన్ననా అని కుర్మయ్య అడగలేదు. వాళ్లు లోపలికి పోయేదాకా నిలబడి, కారు దగ్గరికి వచ్చి, తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.