రత్నం పేరుండాల్సిన చోట

క్షయ క్రిమి జన్యువులను చదివే కంప్యూటర్ ప్రోగ్రామ్ ఒకటుంది. మూడు ఖండాల్లో పేద ఆసుపత్రులు దాన్ని వాడుతున్నాయి. దాన్ని తయారుచేసింది నేనే.

ఈ మూడు వాక్యాలు గాజువాకలో నా నోట విననివారు తక్కువ. క్షవరం చేయించుకుంటూ చెప్పాను. షేర్ ఆటోలో మోకాళ్లు తగిలేలా కూర్చున్న ముక్కూమొహం తెలియనివాళ్లకీ చెప్పాను. ఆరేళ్లుగా చెబుతున్నాను, చెప్పిన ప్రతిసారీ గుండె మీద బరువు కాస్త పెరుగుతూనే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ ముందు దించుతున్నాను.

ముందు చిన్న అబద్ధాలు. ఖండాలు మూడు కావు. వాడుతున్నామని మెయిళ్లు మూడు వచ్చాయి, వాటిలో రెండు ఒకే మనిషి రాసినవి. ప్రోగ్రామ్ నేను తయారుచేయలేదు. ఎక్కడెక్కడివాళ్లో కలిసి చేసి ఉచితంగా పెట్టారు. ఎవరైనా తెరిచి లోపల చూడవచ్చు, బాగుచేసి పంపవచ్చు. బాగుచేసినవారి పేరు ఒక జాబితాలో చేరుతుంది. అదే ప్రతిఫలం. పెద్ద అబద్ధం ఆ జాబితాలో ఉంది.

ఉక్కు కర్మాగారంలో ప్రెషరు మీటర్లు బాగుచేసి రిటైరయ్యాను. ఊరికే కూర్చోలేక ఒక చిన్న క్షయ పరిశోధన ల్యాబ్‌లో కంప్యూటర్లు చూసిపెట్టడానికి చేరాను. అన్నీ ఎవరో వద్దనుకుని ఇచ్చేసిన పాతవి. రోగి కఫంలో దొరికిన క్రిమి ఏ మందుకు లొంగదో ఆ ప్రోగ్రామ్ చెప్పాలి. చెప్పేది కాదు. ఫైలు సగం చదివేసరికి కంప్యూటర్ బిగుసుకుపోయేది. లేదా కరెంటు పోయేది. మళ్లీ మొదటి నుంచి.

అక్కడ టెక్నీషియన్ నూకరత్నం. తగరపువలస పిల్ల, వాళ్లమ్మ అక్కడి సంతలో చేపలమ్ముతుంది. ఇంగ్లీషులో ఉత్తరం రాయాలంటే భయం. ప్రోగ్రామ్ రాయడం మాత్రం వీడియోలు చూసి సొంతంగా నేర్చుకుంది. ఒక మధ్యాహ్నం, మూడోసారి కరెంటు పోయాక, టిఫిన్ డబ్బా మూత పెడుతూ అంది: "బోటులో సేపలన్నీ ఒక్కపాలే ఎవులైనా మోత్తారేటి మాస్టారూ? తట్టలు తట్టలుగా దింపుతారు. ఎన్ని దింపారో సుద్దతో గీతలు గీత్తారు."

వారం రోజుల్లో అదే చేసింది. ఫైలును ముక్కలుగా చదివించడం, ప్రతి ముక్క తర్వాతా ఒక గుర్తు పెట్టించడం. అన్నింట్లోకీ పాత కంప్యూటర్ మీద నడిపాం. కరెంటు పోయింది. వచ్చింది. ఆగిన చోటి నుంచే మొదలైంది! టీ వేళకి ఫలితం తెర మీద ఉంది. మోకాలి నొప్పి మరిచి కుర్చీలోంచి గంతేశాను.

పంపే పని నాకప్పగించింది. ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి, తన పేరు వేసి పంపమంది. రాశాను. చివర ఒక గడి ఉంది: ఈ పని ఎవరిది?

నా పేరు టైప్ చేశాను.

ఎందుకు? పంపేది నేను కాబట్టి నా పేరే ఉండాలనుకున్నానా? లేదు. అలా అక్కర్లేదని నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లు మీటర్లు బాగుచేసినా ఏ ఒక్కదాని మీదా నా పేరు లేదు కదా, ఒక్కసారి ఎక్కడైనా చూసుకుందాం, తర్వాత మార్చేద్దాం అని, తర్వాత అంటే ఎప్పుడో నాకు నేనే చెప్పుకోకుండా, బటన్ నొక్కేశాను. దాన్ని ప్రోగ్రామ్‌లో చేర్చిన వారానికే దూరదేశపు ల్యాబ్ నుంచి మెయిల్. మాకూ కరెంటు ఇలాగే పోతుంటుంది, మీ పుణ్యమా అని ఇక పని ఆగడం లేదు అని. మీ పుణ్యం! ఆ మాట రుచి చూశాక మార్చడం నా వల్ల కాలేదు.

మాడుగుల హల్వా తెచ్చి ల్యాబ్ అంతా పంచాను. రత్నం ఒక ముక్క నోట్లో వేసుకుని అడిగింది.

"నా పేరేసారా మాస్టారూ?"

"వేశానమ్మా. అన్నీ చూసుకునే పంపాను."

"అయితే సాలు," అని ఇంకో ముక్క తీసుకుంది.

ఆ ఏడాదే ఒక పెద్ద ల్యాబ్‌లో ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లింది. సొంతంగా చేసిన పని ఏదైనా చూపించమంటారని ముందే చెప్పింది. ఉద్యోగం రాలేదు. ఎందుకు రాలేదని నేను అడగలేదు. జవాబు తెలిసినవాడు ఎలా అడుగుతాడు? ఇప్పటికీ ఆ పాత బల్ల దగ్గరే కూర్చుంటోంది.

మొన్న ప్రోగ్రామ్ వాళ్లకు రాశాను, ఆ పని నాది కాదు, రత్నానిది అని. నిన్న జాబితాలో ఆమె పేరు వచ్చింది, నాది పోయింది. పాత నమోదు మాత్రం చెరగదట. ఆనాడు ఎవరి పేరు మీద ఏం వచ్చిందో ఎప్పటికీ అలాగే ఉంటుందట. ఉండనీ. ఆమె పేరు చూసి మళ్లీ గంతేశాను. ఈసారి మోకాలు ఊరుకోలేదు.

ఇదంతా రాసి, మీకు పంపేముందు రత్నం చేతికిచ్చాను. ఆరేళ్లు దాచిన సంగతి తెలిసి ఏమైపోతుందోనని బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. నిదానంగా చదివింది. పెన్ను తీసి 'వారం రోజుల్లో' అన్నచోట కొట్టేసి 'ఇరవై రోజుల్లో' అని రాసింది. కాగితాలు తిరిగిచ్చింది.

"దాసానని సెప్తన్నారేటి మాస్టారూ? ఆ లిస్టు లోకమంతటికీ కనబడతాది. ఇంటర్వ్యూలో కంప్యూటర్ నా ఏపు తిప్పి, మీ పేరు నాకే సూపించారు. మీరు దాసిందేటీ నేదు. నాను అడుగుతానేమోనని ఆరేళ్లూ నా మొకం సూడనేదు, అంతే."