ముత్తమ్మ ఖాళీ చేసిన పెట్టె

2023 డిసెంబర్. భద్రాచలం అవతల, రాష్ట్ర సరిహద్దు దాటాక వచ్చే కోంటాలో నాకు టెంట్ హౌస్ ఉంది. పెళ్లిళ్లకు షామియానాలు, కుర్చీలతో పాటు రెండు ఫ్రీజర్ బాక్సులు కూడా అద్దెకిచ్చేవాణ్ణి. ఫ్రీజర్ బాక్స్ అంటే శవాన్ని చల్లగా ఉంచే పెట్టె. పైన అద్దంలాంటి ప్లాస్టిక్ మూత, కింద కంప్రెసర్. దూరాన ఉన్న కొడుకో కూతురో వచ్చేదాకా ఒక రాత్రి, మహా అయితే రెండు రాత్రులు నడుస్తుంది. ఈ వ్యాపారంలో దిగాక పొద్దున్నే నా మొహం చూడ్డానికి కొందరు ఇష్టపడరు. ఇంట్లో ఎవరైనా పోతే మాత్రం వాళ్లే ముందుగా నాకు ఫోన్ చేస్తారు.

ఎర్రబోరు దాటాక రోడ్డు పక్కన ఒక ఊరు. అక్కడ కన్నయ్య అనే దోర్ల తెగ రైతు జ్వరంతో చనిపోయాడని చర్చి ఫాదర్ కబురు చేశారు. పెట్టె తీసుకెళ్లి వాళ్లింట్లో దింపాను. మట్టి చెయ్యడం ఎప్పుడని కన్నయ్య భార్య ముత్తమ్మను అడిగాను. పెట్టె ఎప్పుడు తిరిగొస్తుందో నాకు తెలియాలి కదా.

"ఊరోళ్లు ఒప్పుకున్నప్పుడు, సేటు," అంది.

సంగతి అప్పుడు తెలిసింది. వాళ్ల పొలం గట్టున, ఏళ్ల కిందట, వాళ్లింకా చర్చిలో చేరకముందు, మలేరియాతో పోయిన కూతురి సమాధి ఉంది. తనను ఆ పిల్ల పక్కనే పెట్టమని కన్నయ్య పోయే ముందు అడిగాడు. ఊరి పటేల్ వీల్లేదన్నాడు. "చర్చి ఇడిచిపెడ్తే మేమే మోస్కపోయి ఆ పిల్ల పక్కనే పెడ్తం. లేకుంటే ఈ ఊరి మట్టిల జాగా లేదు," అన్నాడట. పటేల్ చెడ్డవాడేమీ కాదు. గ్రామదేవతకు కోపమొస్తే పంటల మీదా పిల్లల మీదా పడుతుందని నిజంగానే భయపడేవాడు. కొబ్బరికాయ కొట్టనిదే దుకాణం తెరవని నాకు ఆ భయం అర్థమవుతుంది. కానీ పెట్టెలో మనిషి ఉండగా చోటు కోసం బేరం పెట్టడం నాకు ఎంతమాత్రం నచ్చలేదు.

ముత్తమ్మ వాళ్లు తహసీల్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చారు. పోలీసులు వచ్చి, గొడవలెందుకు, దూరంగా క్రైస్తవుల శ్మశానం ఉంది కదా, అక్కడికి తీసుకెళ్లండన్నారు. చివరికి ఫాదర్ కూడా అదే మాటన్నారు. ముత్తమ్మ మాత్రం కదల్లేదు. చర్చి వదలనంది, పిల్ల పక్కన చోటూ వదలనంది.

"ఇంకెన్ని రోజులక్కా?" అని అడిగితే, "దేవుడు తొవ్వ చూపిస్తడు," అంది.

నాకు చిరాకేసింది. దేవుడి మాటేమో గానీ నా మెషిన్ కరెంటు మీద నడుస్తుంది. సాయంత్రమైతే అక్కడ లో వోల్టేజి. కంప్రెసర్ ఆగిపోతుంది. స్టెబిలైజరు పెట్టాను, జనరేటరు తెచ్చాను. రోజూ వెళ్లి పెట్టె అడుగున చేరిన నీళ్లు తీసేవాణ్ణి. ఈ పెట్టె శవం పాడవకుండా ఆపదు, ఆలస్యం చేస్తుందంతే. ఆ మాట ఇంటివాళ్లకు చెప్పడమే మా పనిలో అన్నిటికంటే కష్టం. ముత్తమ్మకు చెప్పాను. తలూపింది. ఇంట్లో అగరొత్తులు ఆపకుండా వెలిగించడం అప్పటికే మొదలుపెట్టారు.

క్రిస్మస్‌కు ముందు నాలుగు వారాలను ఆగమన కాలం అంటారట. ఎదురుచూసే రోజులన్నమాట. సాయంత్రం నలుగురైదుగురు చర్చివాళ్లు వచ్చి పెట్టె చుట్టూ కూర్చుని ప్రార్థన చేసేవారు. ఒకరోజు మూత మీద కొవ్వొత్తి వెలుగుతోంది. ప్లాస్టిక్ కరిగిపోతుందని కేకలేశాను. ముత్తమ్మ దాన్ని తీసి నేల మీద పెట్టింది.

ఆ వారంలోనే నా రెండో పెట్టె కంప్రెసర్ కాలిపోయింది. భద్రాచలం పంపాను. మర్నాడు ముత్తమ్మ ఇంట్లో నీళ్లు తీస్తుంటే పటేల్ తమ్ముడు లచ్చయ్య వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"సేటు, మా అమ్మ పోయింది. పెట్టె కావాలె. మా మామలు పత్తి ఏరనీకి ఖమ్మం దిక్కు పోయిన్రు. వాళ్లు రాంది మట్టి చెయ్యరాదు."

"ఒకటి రిపేరుకు పోయింది. ఉన్నది ఇదొక్కటే," అన్నాను.

లచ్చయ్య లోపలికి చూసి తల దించుకున్నాడు. నాకు లోపల సంతోషమేసింది. దేవుడు చూపించే దారి ఇదే కాబోలు అనుకున్నాను. ముత్తమ్మ దగ్గరికెళ్లి మెల్లగా చెప్పాను. "అక్కా, ఇప్పుడడుగు. పిల్ల పక్కన జాగా ఇస్తే పెట్టె ఇస్తనని చెప్పు. కాదనలేరు."

ఆమె మూతను కొంగుతో ఒకసారి తుడిచింది. తర్వాత లేచి గుమ్మంలోకొచ్చింది.

"లచ్చయ్యా, మీ అమ్మ నా పిల్లకు పురుడు పోసిన మనిషి. తీస్కపో."

నేను పెట్టె వైపు చూపించాను. "మరి కన్నయ్య?"

"ఫాదర్ చెప్పిన కాడికే తీస్కపోదం."

"ఒక్క మాట అడిగితే ఏంబోయేదక్కా?"

"ఒక శవాన్ని చూపి ఇంకో శవానికి జాగా అడగాల్నా, సేటు? పటేల్ చేసింది గదే గదా. నేను సుత గట్లనే చేస్తే ఇన్నొద్దులు దేవుణ్ణి ఏమని నమ్మిన?"

కన్నయ్యను చాపలోకి మార్చాం. మార్చేటప్పుడు చర్చివాళ్లలో ఇద్దరు బయటికి పరుగెత్తారు. ముత్తమ్మ మాత్రం పక్కనే ఉండి, మొహం మీద గుడ్డ తనే కప్పింది. నేను పెట్టెను ఫినాయిల్‌తో కడిగి, తుడిచి పటేల్ ఇంటికి చేర్చాను. ఆయన పెట్టెను చూశాడు, నన్ను చూశాడు. ఇప్పుడైనా ఒక మాట అంటాడని కాచుకుని నిలబడ్డాను. ప్లగ్గు ఎక్కడుందో చూపించి లోపలికి వెళ్లిపోయాడు.

కన్నయ్యను నా బండిలోనే తీసుకెళ్లాం. కుర్చీలు వేసుకెళ్లే బండి. ముత్తమ్మ వెనకాల అతని పక్కన కూర్చుంది. శ్మశానంలో ఆమెకు తెలిసిన సమాధి ఒక్కటీ లేదు. మట్టి వేయడం అయ్యాక నేనుండబట్టలేక అనేశాను. "మీ దేవుడు తొవ్వ చూపించలేదు కదక్కా."

"చూపియ్యలే," అంది. ఏడుస్తూనే చేతికంటిన మట్టి దులుపుకుంది. "అడిగింది ఇస్తేనే నమ్ముతనని ఆయనతోని నేను అనలే గదా, సేటు."

కూతురి పక్కన ఆ చోటు ఇప్పటికీ అలాగే ఉంది. ఎవరూ దున్నరు. ఈ వ్యాపారంలో ఎన్నో చావులు చూశాను, శవం పక్కన దేవుణ్ణి తిట్టినవాళ్లనూ మొక్కినవాళ్లనూ చూశాను. నేనూ భక్తుణ్ణేనని అనుకునేవాణ్ణి. అడిగింది దొరికితే నమ్మడం నాకూ చేతనవును. ముత్తమ్మలా నమ్మడం నాకు చేతకాదని మాత్రం ఆ డిసెంబర్లో తెలిసింది.