రత్నంగారి రెండో కాపీ

నిన్న అమలాపురంలో కంప్యూటర్ల షాపుకి వెళ్లాను. మా స్టూడియోలో ఫొటోలు దాచే డిస్కులు నిండిపోయాయి, కొత్తవి కొనాలి. షాపతను ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ని అట్టపెట్టెలోంచి తీసి, వైరు తగిలించి కౌంటరు మీద పెట్టాడు. దాని మీద అరచెయ్యి వేశాను. లోపల పళ్లెం తిరగడం మొదలవగానే సన్నటి వణుకు, కోడిపిల్లని గుప్పిట్లో పట్టుకుంటే తెలిసేలాంటిది, చేతిలోకి పాకింది. అతను వారంటీ గురించి ఏదో చెబుతున్నాడు. నాకు వినబడలేదు. ఏడేళ్ల కిందటి మంట ఒకటి ఒంట్లో మళ్లీ లేచింది. దాని పేరు కుళ్లు. ఇంతకంటే మర్యాదైన మాట వాడితే అబద్ధం చెప్పినట్టవుతుంది. అది ఎవరి మీదో, ఎందుకో చెప్పాలంటే ముందు రత్నంగారి గురించి చెప్పాలి.

రాజోలులో రత్నంగారి ఫొటో స్టూడియో తెలియనివాళ్లు ఆ రోజుల్లో తక్కువ. డిగ్రీ మధ్యలో వదిలేసి, ఏం చెయ్యాలో తెలియక తిరుగుతున్న నన్ను పనిలో పెట్టుకుని కెమెరా పట్టుకోవడం నేర్పిన మనిషి ఆయన. సన్నగా, కాస్త వంగి నడిచేవారు. ఫొటో తీసేటప్పుడు ఎవర్నీ నవ్వమని అడిగేవారు కాదు. కుర్చీలో బిగుసుకుని కూర్చున్న ముసలావిణ్ణి, "ఇవాళ కూరేం వండేరు మామ్మగారూ?" అనేవారు. ఆవిడ ఆలోచించి, పనసపొట్టు అనో, చింతచిగురు పప్పు అనో చెప్పబోయే లోపల ఫొటో అయిపోయేది. ఆ ఫొటోల్లో మనుషులు తమ ఇంట్లో ఉన్నట్టు ఉండేవారు. నేను ఎనిమిదేళ్లు ఆయన పక్కనే నిలబడి అదే ప్రశ్న అడిగాను. నాకు జవాబులు వచ్చేవి గానీ, ఆ ముఖాలు వచ్చేవి కావు. అయినా ఆయన తర్వాత ఆ స్టూడియోలో నేనేనని ఊళ్లో అందరూ అనేవారు. నేనూ అనుకునేవాణ్ణి.

ఒక ఏడాది గోదావరి పొంగింది. వరద తీసిన వారం తర్వాత, ఏటి మధ్య లంకలోంచి ఒకావిడ పాలిథిన్ సంచిలో పెళ్లి ఆల్బమ్ పెట్టుకుని వచ్చింది. ఫొటోలన్నీ నాని ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీసిన దాంట్లో పెళ్లికొడుకు ముఖం ఉండాల్సిన చోట రంగులు కారిపోయి ఉన్నాయి.

"మా ఆయనండి బాబూ. ఇంకోటి లేదండి ఆయనది. మీరే తీసేరంట, పంతొమ్మిదేళ్లయింది," అంది. ఆయన బతికి లేడని మాకు అడగకుండానే తెలిసింది.

రత్నంగారు నెగిటివ్‌లు దాచిన బీరువా తెరిచారు. కాగితం కవర్ల మీద పేరు, ఊరు ఆయన చేతిరాతతో ఉంటాయి. ఆవిణ్ణి కూర్చోబెట్టి, టీ తెప్పించి, మధ్యాహ్నం భోజనానికి కూడా వెళ్లకుండా వెతికారు. సాయంత్రానికి దొరికింది. కొత్త ప్రింటు చేతిలో పెడితే ఆవిడ ఏడవలేదు, దణ్ణం పెట్టలేదు. ముఖం దగ్గరగా పెట్టుకుని, "అప్పుడు మీసం ఉండేదండి," అంది, మాతో కాదు, తనలో తను. ఆవిడ వెళ్లాక రత్నంగారు చేతులు కడుక్కుంటూ అన్నారు. "మనం తీసేం కాబట్టి మనవనుకుంటాం గానోయ్ శ్రీనూ, ఫొటోలు వాళ్లవి. మన దగ్గర దాచుకున్నారంతే."

ఆ మర్నాడే మిగతా కవర్లు విప్పి చూశాం. మా గాలిలో తేమకి చాలా నెగిటివ్‌ల మీద బూజు మచ్చలు మొదలయ్యాయి. అన్నింటినీ స్కాన్ చేసి కంప్యూటర్‌లో పెట్టాలని ఆయన పట్టుబట్టారు. ఆ పనికోసమే సువార్త గారు వచ్చారు. భర్త స్కూల్లో మాస్టారు. ఈవిడ తాటిపాకలో ఏదో ఆఫీసులో కంప్యూటర్ పని చేసి, పాప పుట్టాక మానేసి ఇంట్లో ఉన్నారు. తెల్ల కాటన్ గ్లౌజులు తనే కుట్టుకుని తెచ్చుకున్నారు. నెగిటివ్‌ని అంచులు పట్టుకుని ఎత్తే తీరు చూసి రత్నంగారు, "అదీ!" అన్నారు. ఎనిమిదేళ్లలో నన్ను ఎన్నో మెచ్చుకున్నారు గానీ, ఆ ఒక్క మాట మీద అంత బరువు ఎప్పుడూ పెట్టలేదు. మొదటి ముల్లు అక్కడ గుచ్చుకుంది.

నాలుగు నెలల్లో కంప్యూటర్ నిండిపోయింది. తెర మీద స్థలం లేదని ఎర్ర గీత రావడం మొదలైంది. బయట పెట్టుకునే డిస్క్ కొనాలి. ఈ పని నాదేనని నాకు అనుమానం కూడా లేదు. వారం రోజులు ఫోన్‌లో వీడియోలు చూశాను. వేగం ఎంత, ఎంత సన్నగా ఉంటుంది, ఏ రంగులో వస్తుంది, అన్నీ నోటికొచ్చాయి. లోపల తిరిగే పళ్లెం లేని కొత్త రకం, ఎస్సెస్‌డీ, తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది. జేబులో వేసుకుని పెళ్లిళ్లకి వెళితే ఎలా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. తీరా బయల్దేరేటప్పుడు రత్నంగారు, "సువార్తమ్మా, నువ్వూ రామ్మా," అన్నారు. అమలాపురం దాకా నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

షాపులో నేను చెప్పాల్సిందంతా చెప్పాను. షాపతను కూడా నా వైపే ఉన్నాడు. సువార్త గారు చివరిదాకా విని అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఇది పోతే ఎలాగండీ?"

"పోదండి మేడమ్. ఒకవేళ పోయినా మూడేళ్లు వారంటీ ఉందండి."

"వారంటీలో కొత్త డబ్బా ఇస్తారండీ. అందులో ఉన్న ఫొటోలు ఇవ్వరు కదండీ."

రత్నంగారు పకపకా నవ్వారు. ఆవిడ నా వైపు తిరిగి ఎంతో మర్యాదగా చెప్పారు. "శ్రీను గారు చెప్పింది మంచిదేనండి, కిందపడినా తట్టుకుంటది. కానీ మనకి స్పీడెందుకండీ, దాచుకోడానికే కదా. అదే ఖర్చుకి పళ్లెం ఉన్నవి పెద్దవి రెండొస్తాయి. ఒకటి స్టూడియోలో, ఒకటి వేరేచోట. రెండూ ఒక్కచోట ఉంటే ఒకటున్నట్టేనండి."

"రెండివ్వండి," అన్నారు రత్నంగారు. తిరిగొచ్చేటప్పుడు అంబాజీపేట దగ్గర కొబ్బరికాయల లారీలు అడ్డుపడి ఆగిపోయినప్పుడు, రెండో డిస్క్ ఎక్కడ పెట్టాలో కూడా తేల్చేశారు. "మీది మేడమీద వాటా కదమ్మా, వరదొచ్చినా తడవదు. నువ్వే పట్టికెళ్లు. శనివారం తెచ్చి, వారంలో పెరిగింది ఎక్కించుకుని మళ్లీ పట్టుకుపో."

ఆయన ముప్పై ఏళ్ల పని మొత్తం ఒక గుడ్డ సంచిలో పెట్టుకుని ఆవిడ ఇంటికి నడుస్తుంటే, నేను షట్టరు దగ్గర నిలబడి చూశాను. మా ఇంటికి మేడ లేదు. ఆ మాట ఆయన అనకపోయినా అన్నట్టే వినబడింది. తర్వాత నుంచి ప్రతి శనివారం ఆ సంచి కనబడగానే నాకు తలనొప్పి వచ్చేది. ఆవిడ ఇడ్లీలు తెచ్చి పెడితే, తిని, చట్నీలో ఉప్పు ఎక్కువైందని ఇంట్లో మా ఆవిడతో చెప్పేవాణ్ణి. ఎక్కువ కాలేదు.

కొన్నాళ్లకి ఆవిడ వాళ్లమ్మగారికి కంటి ఆపరేషన్ అని కాకినాడ వెళుతూ, ఆ సంచి నా చేతికి ఇచ్చారు. "మూడు వారాలండి. శనివారం శనివారం కాపీ చేసి మీ ఇంట్లో పెట్టుకోండి, ఏమనుకోకండి." సంచి తీసుకుని స్టూడియోలోనే సొరుగులో పడేశాను. ఆవిడ పని నేనెందుకు చెయ్యాలి అనుకున్నాను. నిజానికి పది నిమిషాల పని. మొదటి శనివారం రత్నంగారు అడిగారు.

"కాపీ అయ్యిందోయ్?"

"ఆయ్, అయ్యిందండి."

రెండో శనివారం కూడా అదే మాట. మూడోవారం మంగళవారం పొద్దున్న, బల్ల కింద ప్లగ్గు మార్చబోయి వైరు లాగాను. స్టూడియో డిస్క్ బల్ల మీంచి గచ్చు మీద పడింది. తీసి తగిలిస్తే టిక్, టిక్, టిక్ అని శబ్దం. ఇంకేమీ రాలేదు. రాజమండ్రి తీసుకెళ్లి చూపించాం. పళ్లెం గీసుకుపోయిందన్నారు.

అప్పటికి సువార్త గారు తిరిగొచ్చారు. రత్నంగారు నిదానంగానే ఉన్నారు. "రెండోది ఉంది కదా," అన్నారు. నేను సొరుగులోంచి సంచి తీసిచ్చాను. ఆవిడ డిస్క్ తగిలించి, తేదీలు చూసి ఆగిపోయారు. పాత నెగిటివ్‌ల స్కాన్‌లు అన్నీ ఉన్నాయి. కంప్యూటర్‌లో చోటు లేక స్టూడియో డిస్క్‌లోనే పెట్టిన, ఆ మూడు వారాల్లో తీసినవి లేవు. అందులో ఐ.పోలవరం దగ్గర ఒక పెళ్లి ఉంది. కెమెరా కార్డులు ఎప్పుడో తుడిచేసి వేరే పెళ్లికి వాడేశాం. నేను గోడవైపు చూస్తున్నాను. సువార్త గారి గొంతు వినబడింది.

"వెళ్లే హడావిడిలో నేనే ఆయనకి సరిగ్గా చెప్పలేదేమోనండీ."

ఆ క్షణం నాకు సిగ్గు వేసిందని రాస్తే బాగుంటుంది. వెయ్యలేదు. ఇంకా మండిపోయింది. మంచితనంలో కూడా ఈవిడే ముందుండాలా అనిపించింది. నోరు మూసుకుని ఆ అబద్ధం వెనకాల నిలబడ్డాను.

మర్నాడు రత్నంగారు నన్ను బండి మీద ఎక్కించుకుని ఐ.పోలవరం వెళ్లారు. పెళ్లికూతురు పేరు దుర్గ. పెళ్లైన పద్దెనిమిదో రోజున పెళ్లికొడుకు కువైట్ వెళ్లిపోయాడు. ఆల్బమ్ వచ్చిందనుకుని ఆ పిల్ల వాకిట్లోకి ఎదురొచ్చింది. రత్నంగారు అరుగు మీద కూర్చోలేదు. నిలబడే చెప్పారు. "మా స్టూడియోలో పొరపాటు జరిగిందమ్మా. మీ పెళ్లి ఫొటోలు పోయేయి. తప్పు నాదే."

"ఒక్కటీ లేదాండీ?" అంది ఆ పిల్ల. రత్నంగారు లేదన్నారు. వాళ్ల నాన్న అరిచాడు, చాలాసేపు. రత్నంగారు అంతా తలవంచుకుని విన్నారు. ఒక్కసారి కూడా నా వైపు వేలు కాదు కదా, చూపు కూడా తిప్పలేదు.

తిరిగొస్తూ ఏటిగట్టు మీద బండి ఆపమన్నాను. కాపీ చెయ్యలేదని, చేశానని అబద్ధం చెప్పానని చెప్పేశాను.

"ఎందుకు చెయ్యలేదు?"

"మీరు ఆవిడకిచ్చేరు కదండీ," అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినబడింది.

"షాపులో నువ్వు ఎంత స్పీడో చెప్పేవు. ఆవిడ పోతే ఎలాగని అడిగింది. అందుకిచ్చేనోయ్. అంతకంటే ఏం లేదు. అయినా నాకెందుకు చెప్తున్నావు? నీ తప్పు నెత్తినేసుకున్నావిడ అక్కడుంది. వెళ్లి చెప్పు."

చెప్పాను. సువార్త గారు గ్లౌజులు విప్పి బల్ల మీద పెట్టి, ముందే తెలుసన్నట్టు తల ఊపారు. తర్వాత ఆవిడ అన్న మాట నేను ఊహించనిది. "మీరంటే నాకూ కుళ్లేనండి శ్రీను గారూ. మీరు చూడలేదంతే. ఎనిమిదేళ్లు ఆయన పక్కన నిలబడి ఫొటో తియ్యడం నేర్చుకున్నారు. పెళ్లిళ్లకి మిమ్మల్నే తీసుకెళ్తారు. నేనీ గదిలో కూర్చుని మీరు తీసినవి దాచిపెడతాను. ఒక్కసారి ఆ కెమెరా నా చేతికిచ్చేరా, ఆయన గానీ మీరు గానీ?"

ఆ నెలంతా దుర్గ వాళ్ల చుట్టాల ఫోన్లలో ఉన్న పెళ్లి ఫొటోలు ఒక్కొక్కటిగా అడిగి తెచ్చాం. వణికినవి, తలలు తెగినవి, ఎవరి వేలో అడ్డుపడినవి. వాటిలోంచి సువార్త గారు ఏరి, నేను సరిదిద్ది, ఒక ఆల్బమ్ చేశాం. దుర్గ తీసుకుంది. బాగుందనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

ఆ ఆల్బమ్ ఇచ్చి వచ్చిన రోజు మధ్యాహ్నం, రత్నంగారు నాతో కలిసి పాత నెగిటివ్ ఒకటి వెలుతురుకి పట్టి ఎవరిదో గుర్తుపట్టే ప్రయత్నంలో ఉన్నారు. నేను మెడలోంచి కెమెరా తీసి సువార్త గారికి ఇచ్చాను. ఆవిడ రెండు చేతులతో అందుకున్నారు. మమ్మల్ని నిలబడమనలేదు, ఇటు చూడమనలేదు. "ఇంతకీ ఇవాళ కూరేంటండీ?" అన్నారు. రత్నంగారు తలెత్తి, "బీరకాయ," అనబోయి నవ్వారు. నేను ఆయన్ని చూసి నవ్వాను. ఆవిడ తీసిన మొదటి ఫొటో అది.

రెండేళ్ల కిందట రత్నంగారు గుండెపోటుతో పోయారు. ముప్పై ఏళ్లు ఊరందరి ముఖాలూ దాచిన మనిషికి, దండ వేయడానికి తనదంటూ సరైన ఫొటో లేదు. వాళ్ల అబ్బాయి అడిగితే సువార్త గారు ఆ మధ్యాహ్నపు ఫొటో తీసిచ్చారు. దండ వేసిన ఫొటోలో నేను లేను, కత్తిరించారు. పూర్తి ఫొటో స్టూడియోలో గోడకి ఉంది. స్టూడియో ఇప్పుడు మా ఇద్దరిదీ. లోపలికొచ్చిన ప్రతివాళ్లూ దాని ముందు ఆగుతారు. రత్నంగారి దగ్గర నేను నేర్చుకోలేకపోయింది ఆ ఫొటోలో ఉంది. ఆవిడకి మొదటిసారికే వచ్చింది.

"ఎవరు తీసేరండీ ఇది? మీరేనా?" అని అడుగుతారు.

లోపల ఏదో కలుక్కుమంటుంది. ఈ పాటికి పోవాలి, పోలేదు. ఇక పోతుందని అనుకోవడం కూడా మానేశాను. "కాదండి. సువార్త గారు," అంటాను. ఆవిడ పక్కగదిలో ఉంటే వినబడేలా, కొంచెం గట్టిగా.